బెల్టు చివరిదాకా లాగి చూడండి

ఆవకాయ జాడీ మూత తీయగానే అది ఏడాది నిలవుంటుందో, ఆషాఢానికే బూజు పడుతుందో వాసన చూసి చెప్పేస్తాం కదండీ మనం! బస్తా మూతి విప్పకుండానే బియ్యానికి తడి తగిలిందని పసిగట్టేస్తాం. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా ముక్కు నన్ను తప్పుదారి పట్టించిన రోజు నాకైతే గుర్తు లేదు. అటువంటి ముక్కు 2024 డిసెంబరులో విజయవాడలోని ఒక పాత కార్ల షోరూములో “వద్దు, వద్దు” అని మొత్తుకుంటే, “కార్ల సంగతి నీకేం తెలుసు, ఊరుకో” అని నేనే దాన్ని కసిరేశాను. ఆ ముచ్చటే మీతో చెప్పాలని కూర్చున్నాను.

మాది రావులపాలెం. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మావయ్యగారికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలిసిస్ చేయించాలి. అది చేయించుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? పిండేసిన గుడ్డలా అయిపోతారు. బస్సులో నిలబెట్టి తీసుకురాలేం. టాక్సీ అంటే వెళ్లి రావడానికి రెండు వేలు. మావారికి బడి ఉంటుంది, కాబట్టి ఆ తిరుగుడంతా నాదీ అత్తయ్యగారిదీ. చివరికి నలభై ఎనిమిదేళ్ల వయసులో నేనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా వీధి పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ, లైసెన్సు వచ్చింది.

కొత్త కారుకి మా తాహతు చాలదు. నేను పాడుకున్న చీటీ డబ్బు రెండున్నర లక్షలు, నా గాజులు బ్యాంకులో కుదువపెడితే వచ్చిన లక్షా డెబ్భై వేలు, మొత్తం 4,20,000. బిల్లు నా పేరునే, బండి రిజిస్ట్రేషనూ నా పేరునే. “నీ డబ్బు, నువ్వే నడుపుతావు, నీ పేరునే ఉండాలి” అన్నారు మావారు. ఆ ఒక్క మాటకీ ఆయనకి జీవితాంతం కాఫీ అడిగినప్పుడల్లా ఇవ్వచ్చు.

తెల్లటి చిన్న కారు. 2019 మోడలు. ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగిందట. అద్దంలా తుడిచి పెట్టారు. తలుపు తీసి కూర్చోగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. ఆ సెంటు కింద ఇంకో వాసన. వర్షాకాలంలో తడిసిన గోనెసంచులు మూలన పడేస్తే నాలుగో రోజున వస్తుందే, అది. “ఏదో మగ్గిన వాసన వస్తోందండీ” అన్నాను. అమ్మే అబ్బాయి నవ్వి, “మూసి ఉంచిన బండి కదా మేడమ్, రెండు రోజులు ఏసీ వేసుకు తిరిగితే పోద్ది” అన్నాడు. పక్కనున్న మా మరిది ఇంజను చప్పుడు విని “బావుంది వదినా” అన్నాడు. ఇంకేముంది, నోరు మూసుకున్నాను.

అయితే ఇంటికొచ్చాక ఆ వాసన నన్ను నిద్రపోనివ్వలేదు. మూడు నెలల కిందటే కదా, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా నీట మునిగింది! టీవీలో మేడల కింద కార్లు తేలుతుంటే మనమంతా చూశాం. అందుకని అడ్వాన్సు ఇచ్చిన మర్నాడు ఆ అబ్బాయికి వాట్సాప్‌లో తెలుగులోనే రాశాను: “బాబూ, ఈ బండి వరదలో మునిగిందా?” అని. పది నిమిషాల్లో జవాబు: “లేదు మేడమ్, నో ఫ్లడ్, నో యాక్సిడెంట్, గ్యారంటీ.” ఫోను చేసి అడగడానికి మొహమాటపడి రాశానే తప్ప, అందులో తెలివేమీ లేదు. తర్వాత ఆ ఒక్క వాక్యమే మమ్మల్ని కాపాడింది.

రెండు నెలలు బాగానే తిరిగింది. 2025 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రాజమండ్రి నుంచి వస్తున్నాం. జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కాం. సగం దూరం వచ్చేసరికి స్టీరింగు ముందున్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, దీపావళే అనుకోండి. ఇంజను ఆగిపోయింది. మళ్లీ అంటుకోలేదు. పక్కనుంచి లారీలు పోతుంటే వంతెన అదురుతోంది. వెనక సీట్లో మావయ్యగారు కళ్లు మూసుకుని, “ఏమ్మా, వచ్చేశామా?” అంటున్నారు. ఏమని చెప్పను? అత్తయ్యగారు గొడుగు విప్పి ఆయనకి ఎండ తగలకుండా పట్టుకున్నారు. కొబ్బరికాయల వ్యానువాళ్లు ఇద్దరు దిగి, బండిని వంతెన చివరిదాకా నెట్టారు. వాళ్లెవరో ఏమిటో అడిగే తెలివి కూడా నాకు లేకపోయింది.

మా ఊరి మెకానిక్ కుర్రాడు చూసి ఏమీ మాట్లాడలేదు. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇంక రాదు అనేదాకా లాగాడు. మామూలుగా మనం జానెడో మూరెడో లాగుతాం కదా, అక్కడిదాకా శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉన్న చివరి భాగం మీద మట్టి గీత, చెరువుగట్టు మీద నీటి గీతలాగ. తివాచీ ఎత్తితే సన్నటి ఒండ్రు. స్టెప్నీ పెట్టే గుంటలో తుప్పు. వైర్లు కలిసే చోట రాగి మొనలకి పచ్చటి చిలుము, మనం చింతపండుతో తోమకుండా వదిలేసిన రాగిచెంబుకి పడుతుందే, అచ్చం అదే. “అమ్మగారూ, ఈ బండి సీటు పైదాకా నీళ్లలో ఉందండి. నీళ్లు ఆరిపోతాయి గానీ చిలుము ఆగదండి, లోపల్లోపల తింటానే ఉంటది. ఇవాళ ఇది, రేపు ఇంకోటి” అన్నాడు. వరద బండి వెంటనే ఆగిపోదట. మనం కొని, డబ్బంతా కట్టేసి, నిశ్చింతగా ఉన్నాక ఆగుతుంది.

షోరూముకి ఫోను చేశాను. “సెకండ్‌హ్యాండ్ బండి మేడమ్, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నారు. బిల్లు వెనకాల చదువుకోండి” అన్నారు. నిజమే, చీమ తలకాయంత అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఇక చుట్టాల మాటలు వినాలి మీరు! “పాత బండికి గ్యారంటీ ఏమిటే పిచ్చిదానా?” “రిపేరు చేయించి ఎవరికో ఒకరికి అమ్మేసెయ్.” ఈ రెండో సలహా ఇచ్చినవాళ్లు ఒక్కరు కాదు, నలుగురు. అందరూ మంచివాళ్లే.

మా వీధిలో కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన మాత్రం, “అమ్మాయ్, చట్టం కొత్త సరుకుకే అని ఎవరు చెప్పారు?” అన్నారు. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019లో కొత్తది చేశారు, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. డబ్బిచ్చి కొన్న సరుకు పాతదైనా, అమ్మింది వ్యాపారి అయితే మనం వినియోగదారులమే. అయిదేళ్లు తిరిగిన బండికి టైర్లు అరిగాయని, బ్యాటరీ పోయిందని తగువు పడితే నిలవదు, పాతదని తెలిసే కొన్నాం కాబట్టి. కానీ వరదలో మునిగిందన్న సంగతి దాచిపెట్టి, మునగలేదని చెప్పి అమ్మితే అది పాతబడటం కాదు, మోసం. చట్టం భాషలో అనుచిత వ్యాపార పద్ధతి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. మా ఆడపడుచు తన ఆఫీసులో ఒకాయన దగ్గర కారు కొంది. ఆయన వ్యాపారి కాదు, తన సొంత బండి ఒక్కసారి అమ్ముకున్న మనిషి. అటువంటి వాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేం, సివిల్ కోర్టే దిక్కు. మధ్యవర్తి చూపించి కమీషన్ తీసుకున్నా, బిల్లు ఎవరి పేరున ఇచ్చారో అదే చూస్తారు. అందుకే నాలుగు వేలు తక్కువకి వస్తుందని బిల్లు లేకుండా కొనకండి.

పెద్దాయన మొదట చెప్పిన మాట, “రిపేరు చేయించకు” అని. విరిగిన పాలు పారబోసి గిన్నె తోమేశాక, పాలు విరిగాయంటే ఎవరు నమ్ముతారు? మెకానిక్ చేత రాతపూర్వకంగా రిపోర్టు రాయించి సంతకం పెట్టించాం. బెల్టు మీది గీత, చిలుము, ఒండ్రు అన్నీ ఫొటోలు తీశాం. అడ్వాన్సు రసీదు, బ్యాంకు నుంచి డబ్బు పంపిన కాగితం, ఆ వాట్సాప్ జవాబు, అన్నీ ఒక ఫైల్లో. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తే, ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపారు. షోరూము వాళ్లు పలకలేదు. అప్పుడు రిజిస్టర్డు పోస్టులో నోటీసు ఇచ్చి పదిహేను రోజులు గడువు పెట్టాను. “మీ ఊరు నుంచి ఏం చేస్తారు, విజయవాడ రండి, తేల్చుకుందాం” అని జవాబు.

ఆయనకి తెలియని సంగతి ఏమిటంటే, 2019 చట్టం ప్రకారం మనం ఉన్న చోటే, లేదా ఉద్యోగం చేసే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. మావయ్యగారిని వదిలి విజయవాడ ఎక్కడ తిరుగుతాను నేను? కొన్న ధర అయిదు లక్షల లోపైతే ఫీజు పైసా లేదు. జిల్లా కమిషన్లో యాభై లక్షల ఖరీదు వరకూ వింటారు. లాయరుని పెట్టుకోవాలనే నిర్బంధం కూడా లేదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు. సంగతి జరిగిన రెండేళ్లలోపు వేయాలి, అంతే. 2025 నుంచి ఈ-జాగృతి అని ప్రభుత్వం వారి పోర్టల్ వచ్చింది, అందులో ఇంట్లోంచే దాఖలు చేసుకోవచ్చు. ఏప్రిల్లో మా అబ్బాయి చేత చేయించాను.

మూడు నెలల్లో, బండిని లాబొరేటరీ పరీక్షకి పంపితే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఉంటుంది లెండి. మాకు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఈలోపు కారు వాకిట్లో గుడ్డ కప్పుకుని పడుకుంది, మేము మళ్లీ టాక్సీల్లో తిరిగాం. గాజుల మీద వడ్డీ నెలనెలా కడుతూనే ఉన్నాను. ఒక రాత్రి మావయ్యగారు, “నా కోసం నీ గాజులు పోయాయమ్మా” అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పలేక పెరట్లోకి వెళ్లిపోయాను.

రెండో వాయిదాలో అవతలి లాయరు ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని గట్టిగా చదివారు. కమిషన్ సభ్యురాలు, “ఉన్నది ఉన్నట్టు అన్నారు సరే, ఉన్నదేమిటో ఆవిడకి చెప్పారా?” అని అడిగారు. ఆ తర్వాత పాత ఇన్సూరెన్సు కంపెనీని ఫైలు తెమ్మని ఆదేశించారు. మనం అడిగితే ఇవ్వని కాగితం కమిషన్ అడిగితే వస్తుంది, ఆ అధికారం వారికుంది. వచ్చిన ఫైల్లో మా తెల్లకారు ఫొటో, డ్యాష్‌బోర్డు దాకా బురద నీళ్లు. పూర్తిగా పాడైందని పాత యజమానికి డబ్బు కట్టి, తుక్కు కింద వేలం వేశారు. నంబరు చూస్తే ఏ ఊరి బండో తెలిసేదేమో అంటారా? 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ పెట్టారు కదా, తెలియదు. ఆర్‌సీలో ఏ ఆఫీసులో రిజిస్టరైందో ఉంటుంది, అది మేము చదవలేదు.

షోరూము ఆయన, “నాకూ తెలియదండి, నేనూ ఒక బ్రోకరు దగ్గర కొన్నాను” అన్నాడు. నిజమేనేమో. నమ్మాలనిపించింది, నమ్మలేకపోయాను.

అప్పుడు రాజీకి వస్తారా అని మధ్యవర్తిత్వానికి పంపించారు. 3,80,000 రెండు విడతల్లో ఇస్తానన్నాడు. పెద్దాయన వద్దన్నారు, “తీర్పు వస్తే మొత్తం డబ్బు, వడ్డీ, ఖర్చులూ వస్తాయి” అని. నిజమే. కానీ వాళ్లు సగం డబ్బు కట్టి రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్లచ్చు, ఇంకెన్నాళ్లో తెలియదు. మావయ్యగారికి ఎన్నాళ్లు అన్నదీ నాకు తెలియదు. రాజీ పడ్డాను. తప్పు చేశానంటారా? కొన్ని రోజులు తప్పనే అనిపిస్తుంది. 2025 అక్టోబరులో రెండో విడత చేతికందిన రోజున మాత్రం నేరుగా బ్యాంకుకి వెళ్లి గాజులు విడిపించుకున్నాను.

బండి తిరిగిచ్చేటప్పుడు ఒక పట్టు పట్టాను. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకోకుండా, రిజిస్ట్రేషను నా పేరునుంచి మారిన కాగితం చూపించాకే కేసు మూయమన్నాను. పుస్తకంలో పేరు ఎవరిదో ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఇచ్చేశాం కదా అని నిశ్చింతగా పడుకోవడానికి లేదు.

ఇంకో సంగతి కూడా రాయించాను, ఈ బండి వరదలో మునిగిందని, తర్వాత అమ్మేటప్పుడు కొనేవారికి చెప్పాలని. ఆయన చూసి, ఒక క్షణం ఆగి, సంతకం పెట్టాడు. ఆ కాగితం ఆయన బీరువాలో ఉంటుందో, కొనేవాళ్ల చేతికి వెళుతుందో నాకు తెలిసే మార్గం లేదు. తుక్కు కింద వెళ్లిందేమో కూడా తెలియదు. తెల్లటి చిన్న కారు, 2019 మోడలు, మల్లెపూల సెంటు. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా అటువంటిది చూసొచ్చామంటే, ఒక్కసారి వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని బెల్టు చివరిదాకా లాగండి.