జూలైలో కుక్కల బండి: అలాస్కా మంచు మీద ఒక మధ్యాహ్నం

కుక్కల బండి అనగానే మనకి గుర్తొచ్చేది నడి చలికాలం. చీకటి, మంచు తుపాను, గడ్డానికి మంచు పేరుకున్న మనిషి. కానీ అలాస్కా రాజధాని జూనోలో టూరిస్టులు ఈ బండి ఎక్కేది ఎండాకాలంలోనే! కింద ఊళ్లో జనం టీషర్టులేసుకుని ఐస్‌క్రీం తింటూ తిరుగుతుంటారు. హెలికాప్టర్‌లో పావుగంట పైకి వెళితే చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో ‘నన్ను తీసుకెళ్లు, నన్ను తీసుకెళ్లు’ అన్నట్టు అరిచే కుక్కలు.

ఎండాకాలంలో ఎందుకంటే, స్లెడ్ కుక్కలకి అసలు పని చలికాలంలో. అప్పటిదాకా ఖాళీగా ఉంచితే ఒంట్లో పట్టు తగ్గిపోతుంది. పోనీ కింద నేల మీద పరిగెత్తిద్దామంటే, మనకి హాయిగా అనిపించే 18 డిగ్రీలు కూడా వాటికి ఉక్కపోతే. ఒంటినిండా రెండు పొరల బొచ్చు మరి! అందుకే వీటిని నడిపే మషర్లు వేసవిలో గ్లేసియర్ల మీద క్యాంపులు పెడతారు. బండి లాగడం కుక్కలకి ప్రాక్టీసు. మనం కట్టే డబ్బు వాటి తిండికి, చలికాలం రేసుల ఖర్చుకి ఆసరా.

నేను సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నా. నన్ను చూడ్డానికి వచ్చిన నాన్నని తీసుకుని అలాస్కా నౌక ఎక్కా. నాన్నది ప్రకాశం జిల్లాలో వ్యవసాయం. మా ఇంటికి ట్రాక్టర్ వచ్చేదాకా ఎడ్లతోనే దున్నాడు. టూర్ సంగతి చెప్పగానే, “కుక్కల చేత బండి లాగించడమేందమ్మా, పాపం” అన్నాడు. నిజానికి ఆ అనుమానం నాకూ ఉంది. వెళ్లి చూస్తే గానీ తేలదనిపించింది.

రోడ్డు లేని రాజధాని

జూనోకి బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలోనో, ఓడలోనో రావాల్సిందే. ఊరి జనాభా సుమారు 32 వేలు. ఏటా వేసవిలో క్రూయిజ్ నౌకల్లో వచ్చేవాళ్లు మాత్రం 15 లక్షలు దాటుతున్నారు! ఊరి వెనక కొండలు, వాటి వెనక జూనో ఐస్‌ఫీల్డ్. అంటే సుమారు 3,900 చదరపు కిలోమీటర్ల మంచు మైదానం. అక్కడి నుంచి లోయల్లోకి జారే మంచు నదులే గ్లేసియర్లు. వాటిలో బాగా పేరున్నది మెండెన్‌హాల్. పొడవు దాదాపు 21 కిలోమీటర్లు.

హెలికాప్టర్ ఎక్కే ముందు ఒక్కొక్కరి బరువు చూశారు. మన బూట్ల మీద వేసుకోవడానికి ఇంకో జత పెద్ద బూట్లు ఇచ్చారు. పైకి లేచిన కాసేపటికి పచ్చటి అడవి అయిపోయింది. కింద మంచు పగుళ్లు కనిపించాయి. లోపల నీలం రంగు, ఎవరో సిరా పోసినట్టు! వందల ఏళ్ల బరువుకి నొక్కుకుపోయిన మంచు, వెలుతురులోని ఎరుపుని తాగేసి నీలాన్ని వదిలేస్తుంది. నాన్న ఫోన్ తీయలేదు. కిటికీకి నుదురు ఆనించి చూస్తూ ఉండిపోయాడు.

కుక్కల ఊరు

దిగగానే ముందు చెవులు పనిచేశాయి. వందకు పైగా కుక్కలు ఒకేసారి మొదలుపెట్టాయి. వరసలు వరసలుగా చిన్న చిన్న గూళ్లు. ఒక్కో గూటికి ఒక్కో కుక్క, మెడకి గొలుసు. ఓ పక్క మషర్ల గుడారాలు. తిండి, మందులు, సామాను అన్నీ హెలికాప్టర్‌లోనే రావాలి. కుక్కల పెంటని కూడా ఎత్తి హెలికాప్టర్‌లోనే కిందకి పంపిస్తారట. గ్లేసియర్ మీద చెత్త వదలకూడదు.

సినిమాల్లో చూసే నీలికళ్ల, దిట్టమైన హస్కీలు కావు ఇవి. సన్నగా, కాళ్లు పొడుగ్గా, మన వీధికుక్కల్లా రకరకాల రంగుల్లో ఉన్నాయి. వీటిని అలాస్కన్ హస్కీ అంటారు. కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన జాతి కాదు. అందం చూసి కాకుండా పరుగు, ఓపిక, తిండి తినే తీరు చూసి తరతరాలుగా కలిపి పెంచినవి. బరువు పాతిక కిలోలకి అటూ ఇటూ. దూరపు రేసుల్లో ఒక్కో కుక్క రోజుకి 10 వేల కేలరీల దాకా తింటుంది. మనం నాలుగైదు రోజులు తినే తిండి అది!

మా మషర్‌కి పాతికేళ్లుంటాయేమో. ఆమె హార్నెస్‌లు చేత్తో పట్టుకుని వస్తుంటే కుక్కల గోల రెట్టింపయింది. గూళ్ల పైకెక్కి గెంతుతున్నాయి. ఎనిమిదింటిని బండికి కట్టింది. ముందు జత లీడ్ డాగ్స్, మాట వినేవి, దారి పట్టించేవి. వాటి వెనక స్వింగ్ డాగ్స్. బండిని ఆనుకుని ఉండేవి వీల్ డాగ్స్, బలంగా లాగేవి. ఏ కుక్క పక్కన ఏది బాగా పరిగెడుతుందో చూసుకుని కడతారని ఆమె చెబితే నాన్నకి తర్జుమా చేశా. “అంతే మరి. దాపటెద్దుని తీసుకెళ్లి వెలపల కడితే నడుస్తుందా?” అన్నాడు, ఇందులో వింతేముంది అన్నట్టు.

తర్వాత బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి, “పగ్గాలేయమ్మా?” అని అడిగాడు.

పగ్గాలు లేవు. చెర్నాకోలా లేదు. ఉన్నది గొంతే. “హైక్” అంటే కదలాలి. “జీ” అంటే కుడికి, “హా” అంటే ఎడమకి. మషర్ చేతిలో ఉన్నదల్లా ఆపడానికే: కాలితో తొక్కే బ్రేకు, మంచులో దిగేసే ఇనుప కొక్కెం. లాగించడానికి ఏ పరికరమూ లేదు!

గోల ఆగిన క్షణం

కొక్కెం పీకి, “హైక్” అంది. బండి ఒక్కసారిగా ముందుకి దూకింది. ఆ క్షణమే గోల ఆగిపోయింది. అప్పటిదాకా గొంతు చించుకున్న కుక్కలు ఒక్కటీ అరవలేదు. ఊపిరి, అడుగులు, మంచు మీద బండి జారే సర్రుమనే చప్పుడు. అంతే. వేగం మరీ ఎక్కువేం కాదు, మన ఊళ్లో మోపెడ్ వెళ్లినట్టుంది. కానీ నేలకి జానెడు ఎత్తులో కూర్చుంటే అదే చాలా అనిపిస్తుంది.

మధ్యమధ్యలో ఆపింది. ఎండ కాస్తోంది కదా, కుక్కలకి వేడెక్కకూడదు. ఆగగానే అవి మంచులో పొర్లాయి, నోటినిండా మంచు కొరుక్కున్నాయి. నిమిషం తిరక్కముందే లీడ్ కుక్క వెనక్కి తిరిగి ‘ఇంకెంతసేపు’ అన్నట్టు చూసింది. మిగతావి తాళ్లని గుంజడం మొదలెట్టాయి. రెండోసారి ఆగినప్పుడు నేను వెనక నిలబడే పట్టీల మీదకి మారా. అరగంటలో అయిపోయింది.

నాన్న తనిఖీ

దిగాక అందరూ సెల్ఫీల్లో ఉంటే, నాన్న మషర్‌ని అడిగి ఒక వీల్ డాగ్ దగ్గర కూర్చున్నాడు. హార్నెస్ కింద వేళ్లు పెట్టి చూశాడు. భుజాలు తడిమాడు. కాడి రాసుకుని ఎద్దు మెడ మీద కాయ కాస్తుంది, పుండు పడుతుంది. లాగే జంతువు బాగోగులు అక్కడే తెలుస్తాయి. ఆమె ఒక్కో పాదం ఎత్తి వేళ్ల సందులు చూపించింది. “పుండు లేదు. లాగే బరువు రొమ్ము మీద పడుతోంది, మెడ మీద కాదు. మంచి పని,” అన్నాడు. లేస్తూ లేస్తూ ఇంకో మాట కూడా అన్నాడు: “ఈ గొలుసే బాలేదమ్మా. పరిగెత్తేది అరగంట, కట్టేసి ఉంచేది రోజంతా.”

ఆ మాట అన్నది నాన్న ఒక్కడే కాదు. జంతు హక్కుల సంఘాలు ఎప్పట్నుంచో అంటున్నాయి. ఈ రంగంలో పెద్ద రేసు ఇడిటరాడ్. 1973 నుంచి జరుగుతోంది, దాదాపు 1,600 కిలోమీటర్లు. 2024 రేసులోనూ కుక్కలు చనిపోయాయి. ఇంకోవైపు అలాస్కా వాళ్లకి ఇది గర్వకారణం. 1925లో నోమ్ అనే ఊళ్లో పిల్లలకి డిఫ్తీరియా సోకితే, విమానం వెళ్లలేని చలిలో 20 మంది మషర్లు, 150 దాకా కుక్కలు చేతులు మార్చుకుంటూ దాదాపు 1,085 కిలోమీటర్లు మందు మోశాయి. అయిదున్నర రోజుల్లో చేర్చాయి. చివరి అంచె పరిగెత్తిన బాల్టోకి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. అన్నిటికన్నా కష్టమైన దారి దాటిన టోగోకి అప్పట్లో అంత పేరు రాలేదు.

రెండు మాటలూ నిజమే. నేను చూసిన ఎనిమిది కుక్కలు మాత్రం పరుగంటే ప్రాణం పెట్టాయి. ఆపినప్పుడే వాటికి కష్టంగా ఉంది.

కింద నుంచి చూస్తే

సాయంత్రం బస్సులో మెండెన్‌హాల్ విజిటర్ సెంటర్‌కి వెళ్లాం. పొద్దున పైనుంచి చూసిన గ్లేసియర్‌ని ఇక్కడ కొస నుంచి చూడొచ్చు. 1962లో ఈ సెంటర్ కట్టినప్పుడు మంచు చాలా దగ్గర్లో ఉండేది. ఇప్పుడు కిలోమీటరుకి పైగా వెనక్కి పోయింది. మధ్యలో సరస్సు. జూనో ఐస్‌ఫీల్డ్ మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 1948-79 కాలంతో పోలిస్తే 2015-19 మధ్య ఇక్కడి గ్లేసియర్ల విస్తీర్ణం అయిదు రెట్లు వేగంగా తగ్గింది. పక్క లోయలో మంచు కరిగిన నీళ్లు నిండి, గ్లేసియర్ అడుగు నుంచి ఒక్కసారిగా తోసుకొస్తున్నాయి. 2023 ఆగస్టు వరదలో నది ఒడ్డున ఉన్న ఇల్లు కూలి నీళ్లలో పడిన వీడియో మీరు చూసే ఉంటారు.

కుక్కల క్యాంపు ఉన్నది ఇదే మంచు మీద. వేసవి ముదిరేకొద్దీ మంచు మెత్తబడి, గూళ్లని జరుపుకుంటూ పోవాలని మషర్ చెప్పింది. బాగా కరిగిపోతే ముందే దించేస్తారు. పైకి వెళ్లడానికి హెలికాప్టర్ తప్ప దారి లేదు, దాని పొగ కూడా ఈ లెక్కలోదే. అది తెలిసే వెళ్లాలి.

వెళ్లాలనుకుంటే

మనిషికి 500 డాలర్లు దాటుతుంది, ముందే బుక్ చేసుకోవాలి. మంచు గట్టిగా ఉండే మే, జూన్ నెలలు మేలు. జూనోలో వానలెక్కువ. మబ్బు కమ్మితే హెలికాప్టర్ లేవదు, కాబట్టి రద్దయితే డబ్బు తిరిగిస్తారో లేదో చూసుకోండి. నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు, మంచు మీద ఎండ కళ్లు పొడుస్తుంది. సియాటిల్ నుంచి వెళ్లే చాలా నౌకలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అమ్మానాన్నలకి ఆ వీసా కావాలేమో ముందే కనుక్కోండి.

బుక్ చేసే ముందు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. వేడి పెరిగితే పరుగులు ఆపుతారా? రోజుకి ఒక్కో కుక్క ఎన్ని ట్రిప్పులు లాగుతుంది? ముసలివైన కుక్కలు ఎక్కడికి పోతాయి? సూటిగా జవాబు చెప్పి, కుక్కని దగ్గర నుంచి చూడనిచ్చే చోటికే వెళ్లండి.