నొప్పి మోకాలిలో, జబ్బు తుంటిలో

"తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయట" అని మన పెద్దలు వెక్కిరింతగా అంటారు. సంబంధం లేని రెండు సంగతులు ముడిపెట్టేవాళ్ళ మీద విసిరే సామెత అది. పళ్ళ మాట ఎలా వున్నా, తుంటికి జబ్బు చేస్తే మోకాలు ఏడుస్తుందన్నది మాత్రం నిజం. ఈ నిజాన్ని నేను కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేర్చుకున్నది మాత్రం చాలా ఏళ్ళ తరువాత, పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో.

ఇప్పుడా సంగతి ఎత్తడానికి కారణం ఒక తల్లి రాసిన ఉత్తరం. వాళ్ళ అబ్బాయికి ఏడేళ్ళు. రెండు నెలలుగా కుడి మోకాలు నొప్పి అంటున్నాడట. పొద్దున బాగానే వుంటాడు, సాయంత్రమయ్యేసరికి కుంటుతాడు. మోకాలికి రెండుసార్లు ఎక్స్‌రే తీయించారు, ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలని తండ్రి రెండు దెబ్బలు కూడా వేశాడట. అమ్మా, మీకు జవాబు చివర చెబుతాను. ముందు నా తప్పు ఒకటి వినండి.

2006లో నేను పాతబస్తీలో ఒక ప్రభుత్వ దవాఖానాలో పనిచేసేవాణ్ణి. పొద్దున్నే వందమందికి తక్కువ కాకుండా లైను వుండేది. ఆ లైనులో నెలకొకసారి ఒక బట్టల వ్యాపారి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, తెల్లని పైజమా, చేతిలో కర్ర. "డాక్టర్ సాబ్, ఈ ఘుట్నా నన్ను సతాయిస్తోంది" అని ఎడమ మోకాలు చూపించేవాడు. నేను మోకాలు నొక్కి చూశాను, వంచి చూశాను. వాపు లేదు, నీరు లేదు. ఎక్స్‌రేలో ఆ వయసుకు వుండే అరుగుదల కూడా పెద్దగా లేదు. నొప్పి మాత్రలు రాశాను, కాపడం పెట్టుకోమన్నాను, మోకాలికి తొడుగు కొనుక్కోమన్నాను. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒక్కసారైనా ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి తుంటి కదిలించి చూసిన పాపాన పోలేదు. లైను పెద్దదని సాకు చెప్పుకోవచ్చు. తుంటిని పరీక్షించడానికి అర నిమిషం చాలు.

ఆ ఏడే మా ఆఖరి చెల్లెలి పెళ్ళి కుదిరింది. బట్టలకని ఇంటిల్లిపాదీ పత్తర్‌గట్టికి వెళ్ళాం. చూడనివారి కోసం చెబుతున్నాను. మదీనా నుంచి చార్‌మినార్ వైపు వెళ్ళే దారికి రెండు పక్కలా రాతి కమానుల వరుస వుంటుంది. పత్తర్ అంటే రాయే కదా! 1908లో మూసీ వరద వచ్చి ఊరు దెబ్బతిన్నాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన వరుస ఇది. కమానుల కింద ముత్యాల దుకాణాలు, బట్టల దుకాణాలు, అత్తరు దుకాణాలు.

ఒక దుకాణంలోకి అడుగుపెడితే ఎదురుగా మన రోగిగారే! తెల్ల దుప్పటి పరచిన పరుపు మీద కొడుకులు, గుమాస్తాలు బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పుతున్నారు. ఆయన ఒక్కడే మూల ఎత్తైన స్టూలు మీద వున్నాడు. మమ్మల్ని చూసి మర్యాదకని కిందికి దిగి కూర్చోబోయాడు. కుడికాలు మడిచాడు. ఎడమకాలు మడతపడలేదు, కర్రలా ముందుకు చాచి వుండిపోయింది. మోకాలు వంగకనా అంటే, స్టూలు మీద అదే మోకాలు హాయిగా వంగి వుంది! అప్పుడు తగిలింది నాకు దెబ్బ.

"సేఠ్ సాబ్, గద్దె మీద కూర్చోవడం ఎప్పటినుంచి మానేశారు?" అని అడిగాను.

"ఆరు నెలలైంది సాబ్. నమాజు కూడా కుర్చీ మీదే చేస్తున్నాను. మోజా కొడుకు తొడుగుతాడు."

ఇన్ని సంగతులు ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

దుకాణం వెనక గదిలో ఆయన్ని పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాను. మోకాలు మడిచి, తొడ నిట్టనిలువుగా లేపి, పాదాన్ని మెల్లగా బయటివైపుకు తిప్పాను. అలా తిప్పితే తొడ ఎముక తుంటిగూటిలో లోపలికి తిరుగుతుంది. కుడికాలు చక్కగా తిరిగింది. ఎడమకాలు రెండు వేళ్ళ దూరం కూడా తిరగకముందే ఆయన "అల్లా!" అని గజ్జ పట్టుకున్నాడు.

మనలో చాలామంది "తుంటి నొప్పి" అంటూ పిరుదు మీద చెయ్యి వేస్తారు. అక్కడ వుండేది కండ. మన శరీరంలో అన్నిటికంటే పెద్ద కండ అదే, మెట్లెక్కడానికి, కూర్చుని లేవడానికి పనికొస్తుంది. దాని అడుగున బొటనవేలంత లావు నరం కాలిలోకి దిగుతుంది. నడుములో పూసల దగ్గర అది నలిగితే పిరుదు నుంచి పిక్కదాకా లాగుతుంది. అది వేరే కథ. అసలు తుంటికీలు అంతకంటే లోతున, ముందుకు, గజ్జ మడత వెనకాల వుంటుంది. దాని నొప్పి గజ్జలో తెలియాలి, తొడ ముందుభాగంలో తెలియాలి. ఒక్కోసారి ఆ రెండుచోట్లా తెలియకుండా, తిన్నగా మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. ఎందుకంటే తుంటికీలుకు కొమ్మలిచ్చే నరాలే తొడ గుండా దిగి మోకాలికీ కొమ్మలిస్తాయి. ఒకే తీగ మీద రెండిళ్ళ కబుర్లు వస్తే మెదడు ఇల్లు పోల్చుకోలేదు. కీలుకు, దాన్ని కదిలించే కండలకు, దాని మీది చర్మానికి ఒకే నరాల నుంచి కొమ్మలు వస్తాయని జాన్ హిల్టన్ అనే లండను సర్జను 1863లో అచ్చయిన తన పుస్తకంలోనే రాశాడు.

ఆయనకు తుంటి ఎక్స్‌రే తీయించాను. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా వుండాలి. ఆయనది ఒకవైపు అణిగిపోయి వుంది. ఆ బంతికి రక్తం తెచ్చేవి ఎముక మెడ మీదుగా ఎగబాకే సన్నని నాళాలు. అవి మూసుకుపోతే బంతిలో ఎముక చచ్చిపోతుంది, బరువుకు కుంగిపోతుంది. మద్యం ఎక్కువగా తాగేవారిలో, స్టెరాయిడు మందులు వాడినవారిలో ఇది వస్తుంటుంది. ఈయన మద్యం ముట్టడు. ఆయాసానికి ఏవో మాత్రలు ఏళ్ళ తరబడి చీటీ లేకుండా కొని మింగుతున్నాడు. తెప్పించి చూస్తే స్టెరాయిడు! నాలుగు నెలల ముందు, బంతి కుంగకముందు కనుక్కుని వుంటే ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషను పనిచేసేదేమో. ఖాయంగా చెప్పలేను. కాని ఆ "ఏమో" నన్ను ఇప్పటికీ వదల్లేదు. (అలాంటి మాత్రలు వాడేవాళ్ళెవరైనా ఇది చదివి, భయపడి, ఒక్కసారిగా ఆపెయ్యకండి. అదింకా ప్రమాదం. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.)

కర్ర సంగతి కూడా చెప్పాలి. ఆయన ఎడమకాలు నొప్పి కాబట్టి కర్ర ఎడమచేత్తోనే పట్టుకునేవాడు. నూటికి తొంభైమంది చేసేదదే, అది తప్పు. మనం ఒంటికాలి మీద నిలబడినప్పుడు, అంటే నడకలో ప్రతి అడుగులోనూ, శరీరం బరువు అవతలి పక్కకు ఒరగకుండా తుంటి పక్కనున్న కండ లాగి పట్టుకుంటుంది. తరాజు దండి ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి అనుకోండి. పొడుగు వైపు బరువును పొట్టి వైపు నుంచి ఆపాలంటే ఎక్కువ బలంతో లాగాలి. అందుకని అరవై కిలోల మనిషి అడుగు వేస్తే తుంటి మీద పడేది అరవై కాదు, నూటయాభై పైమాటే. కర్రను నొప్పి లేనివైపు చేతిలో పట్టుకుంటే ఆ ఒరిగే బరువును కర్ర మోస్తుంది. కండ అంతగా లాగనక్కరలేదు, నొప్పి తగ్గుతుంది. ఆయన చెయ్యి మార్చి దుకాణం గుమ్మందాకా నడిచి, వెనక్కి తిరిగి, "ఇంత చిన్న మాటా సాబ్!" అన్నాడు. నాలుగు నెలలు నా దగ్గరికి అదే కర్రతో వచ్చాడని గుర్తొచ్చి తల దించుకున్నాను.

మరుసటి ఏడు పెద్ద ఆస్పత్రిలో కీలు మార్చారు. నొప్పి పోయింది. కాని బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం వద్దన్నారు, గద్దె కొడుకులకే మిగిలింది. నా మీద ఆయన ఒక్క మాట అనలేదు. పెళ్ళి బట్టల మీద తగ్గింపు కూడా ఇచ్చాడు. అది ఇంకా కష్టంగా వుంది.

ఇక అమ్మా, మీ అబ్బాయి సంగతి. నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఇలాగే తొడ ఎముక బంతికి రక్తం తగ్గే జబ్బు ఒకటుంది. పెర్తెస్ జబ్బు అంటారు. కుంటు, మోకాలి నొప్పి, మోకాలి ఎక్స్‌రేలో ఏమీ లేకపోవడం, అన్నీ దానికి సరిపోతాయి. అదేనని నేనిక్కడినుంచి చెప్పలేను. క్షయ తుంటికి పట్టినా ఇలాగే మొదలవుతుంది. పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్లో బంతి పక్కకు జారడం అనేది మరొకటుంది, అదీ మోకాలి నొప్పితోనే రావచ్చు. ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "తుంటి చూడండి, రెండు తుంట్లూ కలిపి ఎక్స్‌రే తీయండి" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, డాక్టరు కోప్పడితే నా పేరు చెప్పండి. అందులో ఏమీ కనబడక కుంటు పోకపోతే, ఎమ్మారై తీయించాలా అని అడగండి. అంతవరకు గెంతులు, పరుగులు ఆపండి, బడి మానిపించనక్కరలేదు. జ్వరం వచ్చి కాలు కింద పెట్టలేకపోతే మాత్రం వారం ఆగవద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాళ్ళ నాన్నగారికి ఈ పేజీ చూపించండి.