పసుపు దీపం పేచీ

కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగిందా... మధ్యతరగతి గుండెల్లో రాయి పడుతుంది. కూతుర్ని హైదరాబాద్ కాలేజీలో చేర్పించడానికి విజయవాడ నుంచి బయల్దేరిన ఓ తండ్రికి నందిగామ దాటగానే అదే జరిగింది. జేబులో ఉన్నది ఫీజు డబ్బు.

సూర్యాపేటలో మొదటి మెకానిక్ స్కానర్ పెట్టి, 'పి0171' వచ్చింది, సెన్సర్ మార్చాల్సిందే అన్నాడు. నిజానికి ఆ కోడ్ జ్వరం లాంటిది, రోగం పేరు చెప్పదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు అందట్లేదని మాత్రమే దానర్థం. ఫిల్టర్ పూడుకుపోయినా, పంపు నీరసించినా, ఇంజెక్టర్లు మూసుకుపోయినా, గొట్టం చిట్లి దొంగగాలి పీల్చినా అదే అంకె!

తండ్రి ఇంకో షెడ్డుకు వెళ్లాడు. అక్కడి పెద్దాయన సెన్సర్ జోలికే పోలేదు. పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజ్ తగిలించాడు. ఇంజిన్ మామూలుగా తిరుగుతున్నప్పుడు ముల్లు బాగానే ఉంది, యాక్సిలరేటర్ తొక్కితే పడిపోయింది. పాత కారు కదా, ఫిల్టర్ విప్పితే నల్లటి మడ్డి. అది మార్చి, ముల్లు నిలబడ్డాకే కోడ్ చెరిపాడు. లోపం ఉండగా చెరిపితే దీపం మళ్లీ వెలుగుతుంది మరి.

దీపం నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్లొచ్చునట. టపటపా కొట్టుకుంటే మాత్రం బండి పక్కకు ఆపేయమని చెప్పి పంపాడు. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి, ఖరీదైన కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.