గుర్రం పేరిట మైళ్ళు

1955లో వెండెల్ రోబీ మరి నలుగురితో కలిసి లేక్ టాహో వైపు నుంచి సియెర్రా కొండలు దాటుకుంటూ నూరు మైళ్ళు ఒక్క రోజులో స్వారీ చేసి ఆబర్న్ చేరాడు. కాలిఫోర్నియాలో మేముండే చోటికి ఆ ఊరు దగ్గరే. టెవిస్ కప్ పేరుతో ఆ స్వారీ నేటికీ జరుగుతోంది. గడువు 24 గంటలు. దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన విరామాలూ అందులోనే.

నేను గుర్రం ఎక్కను. ఆ దారిలోని ఫారెస్ట్‌హిల్ మజిలీలో పశువైద్యులు చెబుతుంటే కార్డు నింపుతాను. గుండె వేగం, పేగుల చప్పుడు, గిల్లి వదిలిన చర్మం ఎంతలో సర్దుకుంది, పక్కన పరిగెత్తిస్తే అడుగు తడబడుతోందా. అక్కడికి వచ్చేసరికి గుర్రం 68 మైళ్ళు నడిచి ఉంటుంది. డాక్టరు "ఇక చాలు" అన్నారంటే ఆ 68లో ఒక్క మైలూ లెక్కలోకి రాదు. ఒకసారి ఒక పెద్దావిడ ఆ మాట విని, ఎదురు చెప్పకుండా, గుర్రం కాలికి పెట్టడానికి ఐసు ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగింది. ఆమె మీద గౌరవంతో పాటు ఆ నిబంధన మీదా నాకు గౌరవం పెరిగింది.

ఇలాంటి స్వారీల మైళ్ళ పద్దు రాసేది అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్. 1972లో పుట్టిన సంస్థ. 50 మైళ్ళూ ఆపైనా ఉంటేనే ఎండ్యూరెన్స్. 25 నుంచి 35 వరకు లిమిటెడ్ డిస్టెన్స్. వాటి ఖాతా వేరు, రెండూ కలపరు. దారి తప్పి తిరిగిన మైళ్ళకు విలువ లేదు. మామూలుగా తప్పిన చోటికి వెనక్కి వచ్చి మళ్ళీ సాగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముగింపు గీత దాటడంతో స్వారీ ముగియదు. ఆ తర్వాత పరీక్షించి, ఈ గుర్రం ఇంకా ముందుకు పోగలదని వైద్యుడు ఒప్పుకుంటేనే పూర్తయినట్టు. లిమిటెడ్ డిస్టెన్స్‌లోనైతే గీత దాటినా గడియారం ఆగదు. గుండె వేగం నిమిషానికి 60కి దిగినప్పుడే ముగింపు సమయం రాస్తారు. త్వరపడి దౌడు తీయించినవాడికి ఆ దౌడే ఆలస్యం తెస్తుంది. పోటీల్లో ఇంత న్యాయమైన కొలత నేను ఇంకెక్కడా చూడలేదు.

రౌతుకో ఖాతా, గుర్రానికో ఖాతా. గుర్రం చేతులు మారినా దాని మైళ్ళు దాని వెంటే వెళతాయి. ఆగిపోయిన స్వారీలకు కారణమూ నమోదవుతుంది: కుంటిందా, ఒంట్లో నీరు, లవణాలు తగ్గి నీరసపడిందా, గడువు దాటిందా, రౌతే వద్దనుకున్నాడా. చివరి కారణం రాయాల్సి వచ్చినప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉంటుంది. ఏ వైద్యుడూ ఆపకముందే తన గుర్రం అలసట తనే గమనించి, అంత దూరం వచ్చాక కూడా దిగిపోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు.