అబ్బా దర్జీ అని రాయాలా మామూ?



పోయిన రంజాన్ అయ్యాక ఒక ఆదివారం నరసరావుపేట నుంచి మా ఆపా కూతురు ఫోన్ చేసింది. "మామూ, రెజ్యూమే పంపించా. రేపటిలోగా చూసి చెప్పవా?" అంది. బీటెక్ చివరికొచ్చింది. హైదరాబాదులో ఒక కన్సల్టింగ్ కంపెనీకి దర్ఖాస్త్ పెడుతోంది. పత్రికలో పనిచేస్తానని ఖాందాన్‌లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. రేషన్ కార్డు అర్జీ దగ్గర్నుంచి షాదీ రుఖా దాకా రాసినవాణ్ణి నేనే.

కన్సల్టింగ్ అంటే ఏంట్రా అని ఆపా పక్కనుంచి అడిగింది. ఇంకొకళ్ల కార్ఖానాలోనో ఆఫీసులోనో పని ఎక్కడ ఆగిపోతుందో వెతికి, హిసాబ్ తీసి, ఇలా మార్చుకోండి అని చెప్పే కొలువు అన్నాను. "మష్వరాకి జీతమా! మన మొహల్లాలో అందరూ ఊరికే ఇస్తారు కదరా" అంది.

రెజ్యూమే తెరిచాను. రెండు పేజీలు. పైన ఫొటో, అబ్బా పేరు, పుట్టిన తేదీ, మతం. కింద హాబీలు. చివర్లో పై వివరాలన్నీ నిజమేనని ఒక ప్రమాణం, దాని కింద సంతకం. మధ్యలో కష్టపడే స్వభావం, నాయకత్వ లక్షణాలు, నలుగురితో కలిసిపోయే గుణం. ఆ పేరు చెరిపేసి పక్కింటి పిల్ల పేరు పెట్టినా ఏమీ తేడా రాదు. దానితోపాటు పంపే కవర్ లెటర్‌లోనేమో మీ గొప్ప సంస్థలో ఒక చిన్న అవకాశం దయచేయమని వేడుకుంది.

నాకు మా ఉర్దూ మీడియం స్కూల్ గుర్తొచ్చింది. దర్ఖాస్త్ రాయడం ఉస్తాద్ బోర్డు మీద రాసి నేర్పేవారు. 'బఖిద్మత్ జనాబ్ సదర్ ముదర్రిస్ సాహెబ్' అని మొదలుపెట్టాలి, 'గుజారిష్ హై కి' అని విషయంలోకి రావాలి, 'ఆప్‌కా ఫర్మాబర్దార్ షాగిర్ద్' అని ముగించాలి. చక్కటి అదబ్. కానీ అది జ్వరమొస్తే రెండ్రోజుల సెలవు అడిగే కాగితం. కొలువిచ్చేవాడికి మన ఫర్మాబర్దారీతో పనిలేదు. మన చేతిలో ఏం హునర్ ఉందో వాడికి తెలియాలి. ఆ రెండో రకం కాగితం మనకెవరూ నేర్పలేదు.

"బేటీ, నీ అంతట నువ్వు ఎప్పుడైనా ఒక చిక్కు విప్పావా?" అని అడిగాను.

"ఏమీ లేదు మామూ. కాలేజీ ప్రాజెక్టు కూడా నలుగురం కలిసి చేసిందే."

అబద్ధం. మా దూల్హాభాయ్‌ది దర్జీ దుకాణం. మూడు మిషన్లు. ప్రతి రంజాన్‌కీ చాంద్ రాత్ నాడు అక్కడ గొడవే. ఈద్ బట్టలు అందక జనం దుకాణం ముందు నిలబడి అరిచేవాళ్లు. రెండేళ్ల కిందట ఈ పిల్ల ఆర్డర్ల నోట్‌బుక్ తన చేతిలోకి తీసుకుంది. నూట నలభై జతల్లో నలభై ఆరు ఆలస్యమైనట్టు తేల్చింది. కటింగ్‌లోనూ కుట్టడంలోనూ ఆలస్యం లేదు. మూడు మిషన్ల బట్టలకీ కాజాలూ బొత్తాలూ చూసేవాడు ఒక్కడే కావడంతో జతలన్నీ అతని దగ్గర పేరుకుపోతున్నాయి. తర్వాతి రంజాన్‌కి సాయంత్రాలు ఇంకో కుర్రాణ్ణి పెట్టించింది. ఇరవయ్యో రోజా దాటాక ఆర్డర్లు తీసుకోనివ్వలేదు. ఆ ఏడు నూట ముప్పై జతల్లో ఆలస్యమైనవి తొమ్మిది.

"ఇదే బేటీ కన్సల్టింగ్ అంటే. ఇది ఎందుకు రాయలేదు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అబ్బా దర్జీ అని రాయాలా మామూ?"

నేను దాన్ని కోప్పడలేకపోయాను. ఎందుకంటే నా మొదటి ఉద్యోగం దర్ఖాస్త్‌లో నేను ఉర్దూ మీడియం అన్న మాట రాయలేదు. తెలుగులో డిగ్రీ చేశానని మాత్రం పెద్దగా రాశాను. ఉర్దూ చదివినవాడికి తెలుగు ఏం వస్తుందనుకుంటారేమోనని భయం. కొన్ని నెలల తర్వాత డెస్క్‌లో ఒక ఉర్దూ ప్రకటన చదివేవాళ్లు లేక వెతుకుతుంటే లేచి చదివాను. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారు మా ఇన్‌చార్జి. ఆ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు. అదంతా దానికి చెప్పాను.

అప్పుడు ఇంకో మాట బయటపెట్టింది. "షేక్ తీసేసి ఉత్త ఎస్ అని పెట్టుకోనా?"

మన పల్నాడులో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లలా ముందుంటాయి. కంపెనీల ఫారాల్లో అదే అసలు పేరైపోయి, 'డియర్ షేక్' అని మెయిల్స్ వస్తాయి. కానీ దాని భయం అది కాదు. ఆ భయం వట్టి వహమ్ అని నేను చెప్పలేను. సుఖ్‌దేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చేసిన అధ్యయనంలో ఒకే చదువున్న దర్ఖాస్తులు వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకి పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకి పిలుపొచ్చే అవకాశం సుమారు మూడోవంతే. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ ఇద్దరు అమ్మాయిల పేర్లతో ఒకేలాంటి రెజ్యూమేలు వెయ్యి ఉద్యోగాలకి పంపింది. ప్రియాంకా శర్మకి 208 జవాబులు, హబీబా అలీకి 103.

ఈ అంకెలు దాచకుండా చెప్పాను. రెజ్యూమేలో ఏం పెట్టుకున్నా చేరేనాడు సర్టిఫికెట్లలో ఉన్న పేరే చూస్తారనీ చెప్పాను. మనం చేయగలిగింది రెట్టింపు చోట్లకి పంపడం, లోపల పనిచేస్తున్న సీనియర్లని పట్టుకుని రెఫరల్ అడగడం. ఇది పాతకాలం సిఫారిష్ కాదు, చాలా కంపెనీల్లో దానికో పద్ధతే ఉంటుంది. పేరు సంగతి నువ్వే తేల్చుకో అన్నాను. రాత్రంతా ఆలోచించి షేక్ ఉంచేసింది. "తీసేస్తే ఇంటర్వ్యూలో నన్ను పిలిచినప్పుడు నేను పలకనేమో" అంది.

తెల్లారి కూర్చుని మళ్లీ రాశాం. ఒకటే పేజీ. ఫొటో, మతం, హాబీలు, ప్రమాణం తీసేశాం. ప్రతి వాక్యంలోనూ చిక్కు ఏమిటి, నేనేం చేశాను, దానివల్ల ఏం మారింది, ఎంత మారింది అన్నవి రావాలి. అంకె సచ్చా అయ్యుండాలి. ఇంటర్వ్యూలో ఆ అంకె దగ్గరే ఆగి, ఎలా లెక్కపెట్టావని తవ్వుతారు. కవర్ లెటర్‌లో మూడు పేరాలు. ఈ పని ఎందుకు కావాలి, నేను చేసిన ఒక పని, మీ కంపెనీయే ఎందుకు. మూడోదాని కోసం అక్కడ పనిచేసే ఒక సీనియర్‌తో అరగంట మాట్లాడమన్నాను. కంపెనీ పేరు మార్చి ఇంకోచోటికి పంపగలిగిన ఉత్తరమైతే అది ఉత్తరమే కాదు.

నాలుగోసారి 'నేను' అని రాయాల్సొచ్చేసరికి ఆపేసింది. "ఇంతలా రాస్తే తకబ్బుర్ కాదా మామూ?"

సూరె యూసుఫ్ గుర్తుచేశాను. జైలు నుంచి వచ్చిన యూసుఫ్ అలైహిస్సలాం బాద్‌షా ముందు తలొంచుకుని ఏదో ఒకటి ఇప్పించమనలేదు. దేశం ఖజానాలు నాకు అప్పగించమన్నారు, కాపాడటం వచ్చు, ఇల్మ్ ఉంది అని రెండు అర్హతలు చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తకబ్బుర్ కాదు. లేనిది చెబితే ఝూట్. ఉన్నదాన్ని దాస్తే, అది ఇచ్చినవాడి పట్ల నాషుక్రీ.

సాయంత్రం దూల్హాభాయ్‌కి ప్రింట్ చూపించిందట. ఆయనకి ఇంగ్లీషు రాదు. అంకెలు చదవగలడు. వేలితో తొమ్మిది దగ్గర ఆగి, "ఇది మన దుకాణం లెక్కేనా?" అన్నాడట. అవునంటే, "పోయినేడు ఎనిమిదే. ఆ పొన్నూరాయన జత కాజాలు అయిపోయాక నేనే ఇస్త్రీకని ఆపాను. సరిచెయ్యి" అన్నాడట.

సరిచేసి పంపింది. ఇంకా జవాబు రాలేదు. ఇంకో ఆరు చోట్లకి రాస్తోంది. దువాల్లో గుర్తుంచుకోండి. మీ ఇంట్లోనూ రెజ్యూమే రాసుకునే పిల్లలుంటే, మీ దుకాణంలోనో పొలంలోనో ఇంట్లోనో వాళ్లు చక్కదిద్దిన పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది వాళ్లకంటే ముందు మీకే తెలుస్తుంది. అడగక ముందే చెప్పండి.