టెస్టు అంటే కుండ

పోయిన వారం 'మెరిట్' మీద రాస్తే చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు తమ పరీక్షల ముచ్చట్లు చెప్పుకున్నరు. ఈ వారం ఇంకో మాట పట్టుకుంటున్న. టెస్టు.

మా అక్కోళ్లు పహాడీ షరీఫ్‌ల ఉంటరు. 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు అక్క బిడ్డకు నాలుగైదేండ్లు. విమానం కనబడితే చాలు, చెయ్యి ఊపేది. ఇప్పుడు డిగ్రీ పాసైంది. ఆ ఎయిర్‌పోర్టులనే కౌంటర్ కాడ కొలువు చెయ్యాలని దాని ఆశ. ఒక ఏజెన్సీ పెట్టే ఇంగ్లీషు టెస్టుకు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ ఫెయిల్.

మొన్న దర్గా గుట్ట కింద చాయ్ తాగుతుంటే, "మామా, నేను దేనికీ పనికిరానని తేలిపోయింది" అన్నది.

ఆ 'తేలిపోయింది' అన్న మాట నన్ను పట్టుకున్నది. టెస్టుతోని ఏం తేలుతది?

ఇంటికొచ్చి డిక్షనరీ తిరగేసిన. టెస్టుకు మూలం లాటిన్ మాట 'టెస్టుమ్'. అంటే మట్టి కుండ. పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం ఆఖర్ల ఇంగ్లీషులకు వచ్చినప్పుడు దానర్థం వెండి బంగారాల స్వచ్ఛత తేల్చే చిన్న మూస. పరీక్ష అన్న అర్థం ఇంకో రెండు వందల ఏండ్లకు వచ్చింది.

ఆ మూసను కాల్చిన ఎముకల బూడిదతోని చేసేటోళ్లు. కల్తీ వెండిల సీసం కలిపి మంటల పెడితే, సీసం గాలితోని కలిసి, రాగిలాంటి కల్తీని వెంటబెట్టుకొని మూసలకు ఇంకిపోతది. నడుమ మెరిసే వెండి చుక్క మిగులుతది. ఇంగ్లీషుల ఆ వెండి 'నోబుల్' లోహం, సీసం 'బేస్' లోహం. అంటే ఒకటి గొప్పది, ఒకటి నీచమైనది. లోహాలకు కూడా ఎక్కువ తక్కువలు అంటగట్టిండ్రు. కల్తీని మోసింది సీసం, మింగింది ఎముకల బూడిద, పేరు మాత్రం వెండికి. పొలాల పొంటి ఎముకలేరి అమ్మిన ఇంట్ల పుట్టినోన్ని. ఈ కథ నాకు కొత్తగ అనిపియ్యలే.

కుండ అంటే మనకు ఇంకో కుండ కూడా యాదికొస్తది. పీష్వాల పుణెల అంటరానోళ్ల ఉమ్మి నేల మీద పడొద్దని మెడల కుండ కట్టించిండ్రని అంబేడ్కర్ 1936ల 'కుల నిర్మూలన'ల రాసిండు.

టెస్టు పేరుతోని తలుపులు మూసుడు ఇక్కడి సంగతే కాదు. 1673ల ఇంగ్లండుల 'టెస్టు చట్టం' అనే పేరుతోనే ఒక చట్టం తెచ్చిండ్రు. సర్కారు కొలువు కావాలంటే ఇంగ్లండు చర్చి పద్ధతిల ప్రభు భోజనం తీసుకోవాలె. కాథలిక్కులు బయటే. అమెరికా దక్షిణ రాష్ట్రాలల్ల నల్లజాతోళ్లు ఓటు రాయించుకోబోతే అక్షరాస్యత టెస్టు పెట్టేటోళ్లు. పాసా, ఫెయిలా చెప్పేది తెల్ల అధికారి. 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఇదే నడిచింది.

అట్లని పరీక్షలే వద్దంటున్ననా? అనను. రాత పరీక్షల హాల్ టికెట్ నంబరే కనబడుతది, ఇంటిపేరు కనబడదు. "మీదే ఊరు? మీ నాయిన ఏం చేస్తడు?" అనే ప్రశ్నలు ఇంటర్వ్యూ గదుల మొదలైతయి. మనల చానామంది ఇక్కడిదాకా వచ్చింది రాత పరీక్ష వల్లనే. నా మాట ఒక్కటే. వెండి మూస వెండి సంగతే చెప్తది. నాగటి కర్రు ఎంత గట్టిదో దానికెట్ల ఎరుక?

అక్క బిడ్డను అడిగిన, "ఎక్కడ ఆగిపోయినవ్ బిడ్డా?"

"ఈ మధ్య పోయొచ్చిన టూర్ గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నరు మామా. నేనెన్నడు పోయిన టూర్‌కు? నోరు పెగల్లే."

సెలవులల్ల అది అమ్మమ్మ ఊరికి పోయేది, పత్తి ఏరనీకి. తెలుగు, ఉర్దూ గడగడ మాట్లాడుతది. ఇంగ్లీషుల దరఖాస్తు రాస్తది. గల్లీల ఎవరి ఆధార్ ఆగినా, పింఛన్ ఆగినా దాని దగ్గరికే వస్తరు. కౌంటర్ కాడ చేసే పనే అది ఇంటి గడప మీద చేస్తున్నది. మరి ఆ ప్రశ్న ఇంగ్లీషుకు టెస్టా, తిరిగొచ్చిన సెలవులకు టెస్టా?

మన 'పరీక్ష' అన్న మాటల 'పరి' అంటే చుట్టూ, 'ఈక్ష' అంటే చూపు. చుట్టూ చూస్తేనే పరీక్ష. ఆ ప్రశ్న తయారుచేసినోడు తన ఇంటి చుట్టూ చూసుకున్నడు, మా గుట్ట దిక్కు చూడలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫెయిలైన కాయితం పట్టుకొని పనికిరామని అనుకునేముందు ప్రశ్నపత్రం ఒకసారి మళ్ల చదువుండ్రి. మీకు రాని ప్రశ్న ఏదో, మీకు దొరకని బతుకు గురించిన ప్రశ్న ఏదో వేరుచెయ్యిండ్రి. మొదటిదాన్ని చదివి నేర్చుకుందాం. రెండోదాని మీద కొట్లాడుదాం. అట్లాంటి ప్రశ్న మీకు ఎదురైతే కింద రాయిండ్రి, అన్నీ ఒక్కకాడ పెడదాం.

అది నాలుగోసారి పోతానంటున్నది. ఈసారి టూర్ అడిగితే పత్తి చేను గురించి చెప్పమన్న.

"అది టూరా మామా?" అని నవ్వింది.

"పోయి వచ్చినవు గద బిడ్డా" అన్న.

జై భీమ్.