ఫౌజీ కాకా

సూరత్ సిపాయిల ఊరుగా పేరుపొందినది కాదు. జరీ, చీరలు, వజ్రాల సానపట్టు ఇక్కడి వృత్తులు. అయినప్పటికీ 1999లో కార్గిల్ యుద్ధానంతరం ఈ నగర పౌరులు 'జై జవాన్ నాగరిక్ సమితి'గా ఏర్పడి, అమరులైన జవానుల కుటుంబాలకు ఆర్థిక సహాయం అందిస్తూ వచ్చారు. లెక్క తెలిసిన ఊరు కనుక ఋణమనే మాటకు విలువా తెలుసు. కాని మరణించినవారి ఋణం కనిపించినంత సులువుగా, బ్రతికి తిరిగివచ్చినవారి ఋణం ఎవరికీ కనిపించదు.

తాపీ నదికి పడమటి ఒడ్డున అడాజణ్ ప్రాంతంలో ఒక అపార్టుమెంటు గేటు వద్ద నాలుగేళ్ళపాటు అట్లు కనిపించకుండానే నిలబడిన తెలుగువాడు ఒకడున్నాడు. నల్లగొండ జిల్లా చేనేత కుటుంబంలో పుట్టాడు. అన్న బ్రతుకుతెరువుకు సూరత్ వచ్చి లింబాయత్‌లో మరమగ్గం మీద చేరితే, తమ్ముడు గోల్కొండ శతఘ్ని దళ కేంద్రంలో శిక్షణకు చేరాడు. పదిహేడేళ్ళ సర్వీసులో చివరి భాగం ద్రాస్ కొండల కింద ఫిరంగుల మోతలో గడిచింది. ఎడమ చెవి వినికిడి అక్కడే పోయింది. సాధారణ ఉద్యోగికి సంసారం బరువెక్కే వయసులో సిపాయికి విరమణ వస్తుంది. పింఛనుతో పిల్లల చదువులు సాగక, అన్న పిలుపుమీద 2002లో ఈ ఊరు చేరాడు. నివాసులకు అతడు వాచ్‌మన్ మాత్రమే. పిలిచినప్పుడు వెంటనే పలకడని ఒకరిద్దరు విసుక్కునేవారు కూడా. చెవి సంగతి అతడు చెప్పలేదు. వారు అడగలేదు.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. గేటు పక్కన అతని గది మునిగింది. మొదట కింది అంతస్తులోని వృద్ధులను మేడమీదికి చేర్చి, ఆ తరువాతనే తన రేకుపెట్టెకోసం అతడు నీటిలోకి దిగాడు. కరెంటు లేదు, తాగునీరు లేదు. రెండవ రోజున సైన్యం పడవ వచ్చింది. అతడు మెట్లమీద నడుములోతు నీటిలో నిలిచి, విసిరిన తాడును ఒడుపుగా అందుకొని కమ్మీకి ముడివేశాడు. పడవలోని యువకుడు ఆ ముడిని చూశాడు, మనిషిని చూశాడు. "ఏ యూనిట్, ఉస్తాద్?" అని అడిగాడు. అతడు చెప్పగానే ఆ కుర్రవాడు తడిసిన బట్టలతో, ఊగుతున్న పడవలోనే నిటారుగా నిలిచి వందనం చేశాడు. మేడమీది జనం అంతా ఆ దృశ్యం చూశారు.

పెట్టెలోని డిశ్చార్జి పుస్తకం నీటికి నానిపోయింది. పింఛను కార్యాలయంలోనైనా, సైనిక సంక్షేమ కార్యాలయంలోనైనా సిపాయికి ఆ పుస్తకమే సాక్ష్యం. మరునాడు అతడు దాన్ని డాబామీద ఎండకు పెట్టి, ఒక్కొక్క పుటా విడదీస్తూ కూర్చున్నాడు. మూడవ అంతస్తు ఉపాధ్యాయిని తన హెయిర్ పిన్నులు తెచ్చి, పుటలు ఎగిరిపోకుండా గుచ్చింది. పిల్లలు చుట్టూచేరి పతకాల రిబ్బన్లకు అంటిన బురద తుడిచారు.

వారం తిరగకుండానే పంద్రాగస్టు వచ్చింది. ప్రతియేటా జెండాకు తాడుకట్టి సిద్ధం చేయడం అతని పని. ఎగరవేయడం కార్యదర్శి పని. ఆ ఏడు వాకిట ఇంకా బురద ఉండగానే కార్యదర్శి తాడు అతని చేతికిచ్చాడు. అతడు మొహమాటపడ్డాడు. తీరా లాగేసరికి, తడిసి బిగిసిన తాడు ముడి జారలేదు. అందరూ నవ్వారు, అతడూ నవ్వి, రెండవసారి లాగాడు. నాటినుండి పిల్లల నోట అతడు 'ఫౌజీ కాకా' అయినాడు.

జీతం మాత్రం పెరగలేదన్నది కూడా చెప్పవలసిన మాటే. అడిగితే, అది వేరే సంగతి అంటాడు.

1949 నుండి దేశమంతటా డిసెంబరు 7న సాయుధదళాల పతాక దినం జరుగుతున్నది. ఆనాడు వసూలయ్యే నిధి మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి పోతుంది. ఆ అపార్టుమెంటులో విరాళాల డబ్బా పట్టుకొని గడపగడపకు తిరిగే పని పిల్లలు తీసుకున్నారు. మొదటి నోటు గేటు వద్దనే పడుతుంది. వద్దు కాకా, ఇది మీకోసమే కదా అని వారు అంటారు. మంచులో చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకక, ఆపై తిరిగిరాని స్నేహితుడొకడున్నాడని, ఇది వాడి పేరిట అని అతడు చెబుతాడు. కుడి చెవి వారివైపు తిప్పి, వారడిగే తరువాతి ప్రశ్నకోసం ఆగుతాడు.